ఫ్రెండ్ అప్పుల్లో ఉన్నాడని తెలిస్తే ఏం చేయాలంటే

బెంగళూరు మారతహళ్లి పీజీలో మీ రూమ్మేట్ క్రెడిట్ కార్డు అప్పులో ఇరుక్కున్నాడని తెలిస్తే "అంత జీతం ఏం చేశావ్ రా" అని మాత్రం అడగకండి ప్లీజ్. ఇల్లు మారాలంటే నెలల కొద్దీ అడ్వాన్స్, అదే టైంలో ఊళ్లో నాన్నకి ఆపరేషన్ అంటే ఎవరైనా కార్డే గీకుతారు. టీ తెచ్చి పక్కన కూర్చుని స్టేట్‌మెంట్ తెరవండి. 50,000 బాకీకి నెలకి 3.5% అనుకుంటే వడ్డీ 1,750, దానిమీద 18% జీఎస్టీ 315, అంటే 2,500 కట్టినా అసలు తగ్గేది 435 రూపాయలే, ఇందులో వాడి బద్ధకం ఏముంది చెప్పండి. ఇక ఆ కార్డు వాడకం ఆపించి, బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐకి మారుస్తారేమో బ్యాంకుని అడిగించండి. రికవరీ వాళ్లు పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ రూల్ ఉంది, అది తప్పకుండా చెప్పండి, ఆ ఫోన్లకే సగం కుంగిపోతారు మనుషులు.