ఉన్నత పాఠశాల ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు వారాన్ని అమర్చుకోవడం ఎలా?

తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది వరకు అయిదు తరగతులకూ ఇంగ్లిష్ చెప్పే స్కూల్ అసిస్టెంటు ఒక్కరే ఉన్నారనుకుందాం. రోజుకు 8 చొప్పున వారానికి 48 పీరియడ్లు. తరగతికి 6 చొప్పున ఆయనకు పడేవి 30. టైంటేబుల్‌లో మిగిలిన 18 లీజర్ పీరియడ్లను చూసి కొత్తగా ఉద్యోగంలో చేరినవారు సంబరపడతారు. సెలవు పెట్టినవారి తరగతికి అడ్జస్ట్‌మెంటు, మధ్యాహ్న భోజనం దగ్గర వరుస చూడడం, మండల కార్యాలయం ఉన్నపళంగా అడిగే వివరాలు పంపడం వంటి పనులకు వాటిలో సగం పోతాయి. కాబట్టి చేతిలో ఉండేవి తొమ్మిది పీరియడ్లే అనుకుని వారాన్ని అమర్చుకోవడం మంచిది.

చాలామంది ప్రణాళికను పాఠాలతో మొదలుపెడతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. నిజానికి మన వారాన్ని మింగేది పాఠం కాదు, దిద్దుబాటు. తరగతికి 40 మంది చొప్పున 200 నోటుపుస్తకాలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు అనుకున్నా 600 నిమిషాలు, అంటే పది గంటలు. 45 నిమిషాల పీరియడ్లలోకి మారిస్తే పదమూడుకు పైగా అవుతాయి. మన దగ్గర ఉన్నవేమో తొమ్మిది. ఆ తేడా సంచిలో ఇంటికి వస్తుంది, ఇంట్లో బల్ల మీద రెండు రోజులు ఉండి, చాలాసార్లు దిద్దకుండానే తిరిగి బడికి వెళ్తుంది.

అందువల్ల మొదట నోటుపుస్తకాల రోజులు నిర్ణయించుకుని, పాఠాలను వాటి వెంట నడిపించాలి. సోమవారం పదో తరగతి, మంగళవారం తొమ్మిది, బుధవారం ఎనిమిది, ఇలా శుక్రవారానికి ఆరో తరగతి అయిపోతే శనివారం ఖాళీ. ఏ తరగతి పుస్తకాలు ఏ రోజు తీసుకుంటామో దానికి ముందురోజు పీరియడ్‌లోనే ఆ తరగతికి రాత పని పడేలా చూసుకోవాలి. పదో తరగతికి అది శనివారం అవుతుంది. అన్ని తరగతులకూ ఒకే వారంలో ఉత్తరాలో వ్యాసాలో ఇవ్వడం మనంతట మనం నెత్తికెత్తుకునే కష్టం. పై తరగతులు రాస్తున్న వారంలో ఆరు, ఏడు తరగతులకు యూనిట్ చివర ఉండే మౌఖిక కృత్యాలు, వినే అభ్యాసాలు పెట్టుకోవచ్చు. పిల్లలకు వినడం, మాట్లాడడం అలవాటవుతాయి, మనకు ఎర్రపెన్ను పని తగ్గుతుంది. వినే అభ్యాసాలను వదిలేసి ముందుకు వెళ్లిపోవడం మనలో చాలామందికి అలవాటు. అది మానుకోవడానికి ఇదొక సాకుగానైనా పనికొస్తుంది.

దిద్దేటప్పుడు ప్రతి తప్పునూ సరిచేయాలన్న పట్టుదల వదులుకోవాలి. పేజీ నిండా ఎర్ర సిరా చూసిన పిల్లవాడు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తాడు. ఒక వారం ఒకే రకం తప్పును పట్టుకుని, సరైన రూపం మనమే రాసిపెట్టకుండా అంచున గుర్తు మాత్రం పెట్టాలి. కాలం తప్పితే ‘కా’, అక్షరక్రమం తప్పితే ‘అ’, ఆర్టికల్ లేకపోతే సున్నా, ఇలా నాలుగు గుర్తులు చాలు. మిగతా తప్పులను ఆ వారానికి చూసీ చూడనట్లు వదిలేయడం మొదట్లో మనసొప్పదు. పర్యవేక్షణకు వచ్చిన అధికారి ఎవరైనా అడిగితే చూపడానికి, ఆ వారం దేనిని దిద్దుతున్నామో టీచింగ్ డైరీలో ఒక్క వాక్యం రాసుకుంటే సరిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తొమ్మిదో తరగతి పుస్తకాల్లో ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్న వాక్యం పదింటికి ఆరింటిలో కనిపించిందనుకోండి. పుస్తకానికొకసారి కొట్టివేసి ‘గో’ అని రాయడం కన్నా, మరుసటి రోజు పీరియడ్‌లో పది నిమిషాలు దీనికే కేటాయించడం లాభం. నల్లబల్ల మీద తెలుగులో ‘వెళ్ళాను’ అని రాసి, దీనికి వ్యతిరేకం చెప్పమనాలి. అందరూ ‘వెళ్ళలేదు’ అంటారు. ‘వెళ్ళాను లేదు’ అని ఎందుకు అనలేదని అడిగితే నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే, జరిగిపోయిన సంగతిని ‘లేదు’ మోస్తోంది కనుక ‘వెళ్ళ’ అన్న ముక్క కాలం గుర్తు లేకుండా మిగిలిందని చూపాలి. ఇంగ్లిష్‌లో ఆ బరువు మోసేది ‘డిడ్’. పక్కనున్న క్రియ ఖాళీ చేతులతో నడుస్తుంది. తర్వాత ‘తినలేదు’, ‘రాలేదు’, ‘చూడలేదు’ అన్నవాటిని పిల్లలే ఇంగ్లిష్‌లోకి మార్చాలి. తెలుగు మాట వినపడకూడదన్న నియమం పెట్టుకున్నవారికి ఇది నచ్చకపోవచ్చు గాని, పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన వ్యాకరణాన్ని పక్కనపెట్టి కొత్తదాన్ని గాలిలో నిలబెట్టడం కష్టం. ఈ పది నిమిషాల తర్వాత వారంలో దిద్దాల్సిన చోట్లు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టుకోండి.

పదో తరగతికి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలయ్యాక వారం స్వరూపమే మారిపోతుంది. ఉదయం తరగతిలో కొత్త విషయం చెప్పవచ్చు. సాయంత్రం తరగతిలో చెప్పకూడదు. రోజంతా కూర్చుని, ఆకలితో ఉన్న పిల్లల చెవికి అప్పుడేదీ ఎక్కదు. ఆ గంటలో వారి చేత రాయించి, బెంచీల మధ్య తిరుగుతూ నిలబడే దిద్దాలి. అలా దిద్దిన పుస్తకం మళ్లీ మన బల్ల మీదికి రాదు, పైగా తప్పు చేసిన నిమిషంలోనే పిల్లవాడికి తెలుస్తుంది. పక్క ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లల బస్సు ఎప్పుడో కనుక్కుని, వారి పుస్తకాలు ముందు చూసి పంపాలి.

చదువు సాగుతుండగా మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల వారం వేరే జాగ్రత్త కోరుతుంది. పాల్గొనడం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అనే నాలుగింటికీ అయిదేసి చొప్పున 20 మార్కులు వేయాలి కనుక, 200 మందికి ఒక్కో పరీక్షకు 800 నమోదులు, ఏడాదిలోని నాలుగు పరీక్షలకు 3,200. చివరి రెండు రోజుల్లో కూర్చుని రాస్తే అవి మార్కులు కావు, ఊహలు. సోమ-శుక్ర దిద్దుబాటు రోజుల్లో రాత పని మార్కును అప్పటికప్పుడు రిజిస్టరులో వేసుకుంటూ పోతే, ఆ వారానికి మిగిలేది ముఖ్యంగా లఘు పరీక్షే. ప్రాజెక్టును నలుగురైదుగురు కలిసి చేసేలా ఇస్తే చూడాల్సిన కాగితాలు 200 నుంచి 40, 50కి దిగుతాయి.

తరగతి బయట మనకు పడే పని ఒకటి ఏ రిజిస్టరులోనూ ఉండదు. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చాక, స్టాఫ్ రూంలో ఇంగ్లిష్ సారు నడిచే నిఘంటువు అయ్యారు. సైన్సు టీచరుకు ఒక వాక్యం కావాలి, ప్రధానోపాధ్యాయులకు పై అధికారికి పంపే లేఖ కావాలి, వార్షికోత్సవానికి పిల్లల ప్రసంగం కావాలి. ‘సార్, రెండు నిమిషాలే’ అని మొదలైన లేఖ ఒకసారి నా రెండు లీజర్ పీరియడ్లను తినేసింది. కాదనడం బాగుండదు. తరచూ అవసరమయ్యే లేఖలకు అయిదారు నమూనాలు తయారుచేసి ఫోనులో ఉంచుకుని, అడిగినప్పుడు పంపించడమే మర్యాదైన మార్గం. సాటి ఉపాధ్యాయుల సందేహాలకు భోజన విరామం తర్వాతి పది నిమిషాలు అని చెప్పి పెడితే వారూ అలవాటు పడతారు.

అడ్జస్ట్‌మెంటు పీరియడ్‌కు ఖాళీ చేతులతో వెళ్లకండి. పాత ఇంగ్లిష్ దినపత్రికల నుంచి కత్తిరించిన బొమ్మలు, చిన్న వార్తలు నలభై దాకా ఒక కవరులో ఉంచుకుంటే ఏ తరగతికైనా సరిపోతాయి. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ముక్క తీసుకుని, రెండు వాక్యాలు చెప్పి, పక్కవారికి ఇస్తారు. దిద్దేదేమీ ఉండదు.

శనివారం లీజరులో వచ్చే వారం అయిదు తరగతులకూ పీరియడ్ ప్లాన్ రాసుకోవాలి. సోమవారం ప్రార్థనలో ఇంగ్లిష్ వార్తలు చదివే పిల్లవాడిని ఎంపిక చేసి, వార్త ఎలా రాసుకురావాలో చెప్పి పంపాలి. ప్రతిసారీ మొదటి బెంచీవారినే పిలవకుండా, వెనక బెంచీలో గొంతు పెగలని వాడిని ఒకసారి పిలిచి చూడండి. వాడు సోమవారం ఉదయం బెల్లుకు పావుగంట ముందే వచ్చి కాగితం చేత్తో పట్టుకుని స్టాఫ్ రూం గడప దగ్గర నిలబడతాడు. వాడి ఉచ్చారణ సరిచూడడానికి ఆ పావుగంటను ముందే పక్కన పెట్టుకోండి.