అమెరికా ప్రైవేటు స్కూళ్లు పెట్టే మ్యాప్ పరీక్ష: కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు సూచనలు

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో నాలుగైదు తరగతులు చదివి అమెరికా వచ్చిన పిల్లల్ని ప్రైవేటు స్కూల్లో చేర్చేటప్పుడు మార్కుల జాబితాలు, టీకాల రికార్డు, బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. వాటితోపాటు చాలా చోట్ల కంప్యూటర్ మీద ఒక పరీక్ష కూడా ఉంటుంది. కొన్ని స్కూళ్లు సీటు ఇచ్చే ముందే పెడతాయి. కొన్ని చేరిన మొదటి వారాల్లో పెట్టి, లెక్కల్లో ఏ గ్రూపులో కూర్చోబెట్టాలో చూసుకుంటాయి. ఈ పరీక్షలో అందరికీ ఒకే పేపరు రాదు. పిల్ల ఇచ్చే ఒక్కో జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతూ పోతుంది. మన ఊళ్లో పరీక్షలకు తయారుచేసినట్టు దీనికి తయారుచేస్తే పిల్లలు అలసిపోతారే తప్ప ఫలితం ఉండదు.

ముందు ఏ పరీక్షో కనుక్కోండి

"కంప్యూటర్ టెస్ట్ ఉంటుంది" అని స్కూలు చెప్పగానే ఊరుకోకండి. ఎక్కువగా వినిపించే పేరు మ్యాప్ గ్రోత్, క్లుప్తంగా మ్యాప్. ఎన్‌డబ్ల్యూఈఏ సంస్థ తయారుచేసిన ఈ పరీక్షకు టైమ్ లిమిట్ లేదు. స్టార్ అనే పరీక్ష కూడా అడాప్టివే, అంటే జవాబును బట్టి ప్రశ్న మారేదే, కానీ అందులో ప్రశ్న ప్రశ్నకీ టైమ్ ఉంటుంది. ఐ-రెడీలో టైమ్ గొడవ లేదు. ఐఎస్ఈఈ, ఎస్ఎస్ఏటీ అసలు అడాప్టివ్ కావు. అవి సెక్షన్ల వారీగా టైమ్ పెట్టే అడ్మిషన్ పరీక్షలు, వాటికి తయారీ వేరు. నిదానంగా ఆలోచించమని చెప్పి పంపిన పిల్ల తీరా స్టార్ ముందు కూర్చుంటే నష్టపోతుంది. గడియారం చూస్తూ పరిగెత్తడం అలవాటైన పిల్ల మ్యాప్‌లో నష్టపోతుంది.

అడ్మిషన్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ రాసి ఇవి అడగండి: పరీక్ష పేరేమిటి, ఏ సబ్జెక్టులు, ఏ గ్రేడ్ వెర్షన్, స్కూల్లో రాయాలా ఇంటి నుంచి రాయాలా, ఏ కంప్యూటర్ మీద, రెండు రోజులకు విడగొట్టి రాయొచ్చా, స్కోరు సీటు కోసమా గ్రూపు కోసమా. ఇంగ్లిష్ మీడియంలో చదివినా ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలైతే ఆ సంగతి కూడా రాయండి. లెక్కల ప్రశ్నలను కంప్యూటర్ చదివి వినిపించే సౌకర్యం ఉంది, కానీ దాన్ని స్కూలే ముందుగా ఆన్ చేయాలి.

పరీక్ష లోపల ఏం జరుగుతుంది

అయిదో గ్రేడ్ పిల్ల మొదటిసారి మ్యాప్ రాస్తోందనుకోండి. పాత స్కోరు లేదు కాబట్టి ఆ గ్రేడ్‌కు తగ్గ ప్రశ్నతో మొదలవుతుంది. 36ని 24తో గుణించమన్నారు, సరిగ్గా చేసింది. తర్వాత కాస్త బరువైనది, మూడు బై నాలుగుకి రెండు బై అయిదు కలపమన్నారు. లవాలు లవాలు, హారాలు హారాలు కలిపేసి అయిదు బై తొమ్మిది పెట్టింది. సరైన జవాబు ఇరవైమూడు బై ఇరవై. అప్పుడు మెట్టు దిగి తేలిక భిన్నాలు వస్తాయి. అవి సరిగ్గా చేస్తే మళ్లీ పైకి. ఇలా ఒక్కో సబ్జెక్టులో దాదాపు 40 నుంచి 50 ప్రశ్నలు నడుస్తాయి. గంట దాకా పట్టడం మామూలే.

చివరికొచ్చేసరికి దాదాపు ప్రతి పిల్లా సగం ప్రశ్నలు తప్పే చేసి ఉంటుంది. బాగా చదివే పిల్లకైనా అంతే, ఎందుకంటే ఆమెకు పై గ్రేడ్‌ల ప్రశ్నలు రావడం మొదలవుతుంది. క్లాసులో నూటికి తొంభై అయిదు తెచ్చుకునే పిల్ల బయటికొచ్చి "సగం రాలేదమ్మా" అంటే అది చెడ్డ కబురు కాదు. ఈ సంగతి పరీక్షకు ముందే పిల్లకు అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పకపోతే పదిహేనో ప్రశ్న దగ్గరే బెంబేలెత్తి, మిగతావి గబగబా నొక్కేస్తుంది. కంప్యూటర్ దాన్ని పట్టేస్తుంది. చదవడానికే చాలనంత తక్కువ సమయంలో జవాబులు పడుతుంటే పరీక్ష ఆగిపోయి, ఇన్విజిలేటర్‌కు హెచ్చరిక వెళ్తుంది. అలాంటివి మరీ ఎక్కువైతే ఆ స్కోరుకు విలువ ఉండదు.

ఇంకో రెండు నియమాలు. జవాబు పెట్టకుండా ముందుకు పోలేం, ముందుకు పోయాక వెనక్కి రాలేం. "రానివి వదిలేసి, చివర్లో చూసుకో" అని మనం చిన్నప్పటి నుంచి నేర్పిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. ప్రతి ప్రశ్ననూ అక్కడికక్కడే తేల్చుకోవాలి. తప్పని తెలిసిన జవాబులు ముందు తీసేసి, మిగిలినవాటిలో ఒకటి ఎంచుకుని, నొక్కే ముందు ప్రశ్న ఇంకోసారి చదవాలి. మొదటి పది ప్రశ్నల మీదే స్కోరంతా ఉంటుందన్న మాట చాలామంది తల్లిదండ్రుల నోట వినిపిస్తుంది. అది నిజం కాదు. మొదట్లో తప్పులు పోతే పైకి ఎక్కడానికి మరికొన్ని ప్రశ్నలు పడతాయి, అంతే. చివరి లెక్కలో అన్ని ప్రశ్నలూ ఉంటాయి.

మన పిల్లలు జారే చోట్లు

లెక్కలు చేయడంలో మనవాళ్లు వెనకబడరు. వెనకబడేది కొలతల్లో. మీటర్లు, కిలోలు, లీటర్లు తెలిసిన పిల్లకు అడుగులో 12 అంగుళాలని, గజంలో 3 అడుగులని, పౌండుకు 16 ఔన్సులని, గ్యాలన్‌కు 4 క్వార్టులని, క్వార్టుకు 2 పింటులని, పింటుకు 2 కప్పులని చెప్పినవాళ్లు లేరు. కాగితం మీద పట్టిక రాయించడం కన్నా పాలు గ్యాలన్ క్యానులో కొన్నప్పుడు కొలగిన్నెతో ఖాళీ సీసాల్లో పోయించండి. ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది.

రెండోది నాణేలు. చిన్న గ్రేడ్‌లలో ఇవి వస్తాయి. పెన్నీ 1 సెంటు, నికెల్ 5, డైమ్ 10, క్వార్టర్ 25. డైమ్ చూడ్డానికి నికెల్ కన్నా చిన్నది, విలువ మాత్రం రెట్టింపు. పైగా ఈ నాలుగు నాణేల మీదా విలువ అక్షరాల్లోనే ఉంటుంది, అంకె ఉండదు. మన రూపాయి బిళ్ల మీద అంకె చూసి లెక్కపెట్టిన పిల్ల ఇక్కడ తడబడుతుంది. డబ్బాలో గుప్పెడు చిల్లర వేసి లెక్కపెట్టించండి.

పెద్ద సంఖ్యల్లో కామాల చోటు మారుతుంది. మనం 1,00,000 అని రాసేది ఇక్కడ 100,000. లక్ష, కోటి ఉండవు, హండ్రెడ్ థౌజండ్, మిలియన్ అంటారు. సంఖ్యను చదవమన్నా, దగ్గరి విలువకు రౌండ్ చేయమన్నా ఇక్కడే తప్పు పోతుంది. పేర్లూ వేరు: హెచ్‌సీఎఫ్‌ను జీసీఎఫ్ అంటారు, ట్రపీజియంను ట్రపెజాయిడ్, క్యూబాయిడ్‌ను రెక్టాంగ్యులర్ ప్రిజమ్, బ్రాకెట్లను పరెంథసీస్, యాంటీ క్లాక్‌వైజ్‌ను కౌంటర్ క్లాక్‌వైజ్. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది "సమ్". మన స్కూళ్లలో ఏ లెక్కనైనా సమ్ అనేస్తాం. ఇక్కడ సమ్ అంటే కూడితే వచ్చేది మాత్రమే. పిల్లలతో పాటు ఇంట్లో మీరూ అలాగే వాడండి.

కిండర్‌గార్టెన్ నుంచి రెండో గ్రేడ్ దాకా ఉన్న వెర్షన్‌లో ప్రశ్నలు హెడ్‌ఫోన్‌లో వినబడతాయి. అమెరికన్ యాసలో ఇంగ్లిష్ అక్షరమాలలోని చివరి అక్షరాన్ని "జీ" అంటారు. "జెడ్" అలవాటైన చిన్నపిల్ల అది జి అక్షరమనుకుంటుంది. ముందే చెప్పి ఉంచండి.

అసలు కష్టం రీడింగ్‌లో

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. మన పాఠశాలల్లో పాఠం చెప్పి, ప్రశ్న జవాబులు నోట్సులో రాయించి, వాటినే పరీక్షలో అడుగుతారు. ఇక్కడ ఎప్పుడూ చూడని కథో, కవితో, వ్యాసమో ఇచ్చి రచయిత ఈ పేరా ఎందుకు రాశాడు, ఈ పాత్ర ఇప్పుడు ఏమనుకుంటోంది, ఈ మాటకు ఈ వాక్యంలో ఏ అర్థం అని అడుగుతారు. నాలుగు జవాబుల్లో రెండు నిజమే అనిపిస్తాయి. పేరాలో రాసి ఉన్న వాక్యం ఒకటి జవాబుల్లో అలాగే కనబడుతుంది, పిల్ల అదే నొక్కుతుంది. కానీ అడిగింది పేరా మొత్తానికి కేంద్రమైన విషయం, ఆ వాక్యమేమో అందులో చిన్న వివరం. రోజూ ఒక చిన్న పేరా చదివించి, జవాబు చెప్పగానే "ఏ వాక్యం చూసి అలా అన్నావు?" అని అడగండి. వేలు పెట్టి చూపించాలి. వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది.

పుస్తకాలకు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ చాలు, కార్డుకు ఇంటి అడ్రస్ రుజువు తీసుకెళ్లండి. కథలతో సరిపెట్టకుండా జంతువులు, వాతావరణం, అమెరికా చరిత్ర మీద పిల్లల పుస్తకాలు సగానికి సగం ఉండేలా చూడండి, ఎందుకంటే పరీక్షలో సమాచార వ్యాసాలకు వేరే విభాగమే ఉంది. మ్యాప్ రిపోర్టులో లెక్సైల్ అనే సంఖ్య వస్తుంది. దాన్ని లైబ్రరీలో చెబితే ఆ స్థాయి పుస్తకాలు తీసిస్తారు.

ఇంట్లో తయారీ

నాలుగు నుంచి ఆరు వారాలు, రోజుకు అరగంట. అంతకు మించి వద్దు. లెక్కలకు ఖాన్ అకాడమీ ఉచితం. ముందు కింది గ్రేడ్ యూనిట్ పరీక్షలు పెట్టి ఖాళీలు చూసుకోండి. పై గ్రేడ్ పాఠాలు ఎగబడి చెప్పించే తొందరలో భిన్నాలు, డెసిమల్స్ గట్టిపడకుండా ఉండిపోతాయి. "అసలు మ్యాప్ ప్రశ్నలు" అని అమ్మే సైట్లకు డబ్బు కట్టకండి, ఆ ప్రశ్నలు బయటికి ఇవ్వరు. ఎన్‌డబ్ల్యూఈఏ సైట్‌లో ఉచిత ప్రాక్టీస్ టెస్ట్ ఉంది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ "గ్రో" (grow). స్కోరు రాదు కానీ తెర ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఫోను, ట్యాబ్ అలవాటైన పిల్లలకు ట్రాక్‌ప్యాడ్‌తో బొమ్మను పట్టుకుని లాగి గడిలో వదలడం చాలా విసుగు. అది ముందే చేయించండి. తెర మీద క్యాలిక్యులేటర్ ఆరో గ్రేడ్, ఆపై గ్రేడ్‌ల వెర్షన్‌లో కొన్ని ప్రశ్నలకు కనబడుతుంది. కనబడని చోట చేత్తోనే చేయాలి. చిత్తుకాగితం ఇస్తారు, వాడమని చెప్పండి. నోటి లెక్కల్లో దిట్టలైన మన పిల్లలు కాగితం ముట్టుకోకుండా పొరపాట్లు చేస్తారు.

స్కోరు చేతికొచ్చాక

రిపోర్టులో రిట్ స్కోరు, పర్సెంటైల్ ఉంటాయి. రిట్ అన్ని గ్రేడ్‌లకూ ఒకే కొలబద్ద, గ్రేడ్ మారినా కొలత మారదు. 2020 నార్మ్స్ (దేశవ్యాప్త సగటుల పట్టిక) ప్రకారం అయిదో గ్రేడ్ మొదట్లో లెక్కల సగటు 209, రీడింగ్ 204. 2025లో కొత్త నార్మ్స్ వచ్చాయి, కాబట్టి మీ రిపోర్టులో ఏ సంవత్సరానివి వాడారో చూడండి. పర్సెంటైల్ 60 అంటే 60 మార్కులు కాదు, నూరుమందిలో 60 మంది కన్నా ముందున్నట్టు. ఆ నూరుమందీ అమెరికా పబ్లిక్ స్కూళ్ల పిల్లలు. మీరు చేర్చే ప్రైవేటు స్కూలు సగటు దానికన్నా పైన ఉండొచ్చు, అది అడ్మిషన్ ఆఫీసునే అడగండి. స్కోరుకు అటూ ఇటూ మూడు పాయింట్ల దాకా తేడా సహజం, దాని కోసం పిల్లను నిలదీయకండి.

స్కోరు కన్నా ముఖ్యమైనది రిపోర్టులో కింద ఉండే విభాగాల పట్టిక. లెక్కల్లో కొలతల విభాగం ఒక్కటే కిందికి జారి, మిగతావి బాగుంటే అది ఔన్సులు, అంగుళాల సంగతే. ఆ మాట టీచర్‌తో చెబితే గ్రూపు మార్చి చూస్తారు. సాధారణంగా సంవత్సరంలో మూడుసార్లు, ఫాల్, వింటర్, స్ప్రింగ్‌లలో మళ్లీ రాయిస్తారు. దుబాయ్, అబుదాబీల్లోని అమెరికన్ సిలబస్ స్కూళ్లలో చాలా చోట్ల కూడా ఇదే పరీక్ష. గల్ఫ్ నుంచి ఇటు వస్తున్నవాళ్లు పాత స్కూలు వదిలే ముందే ఫ్యామిలీ రిపోర్టు పీడీఎఫ్ తీసుకుని దగ్గర పెట్టుకోండి. కొత్త స్కూలు దాన్ని చూసి పరీక్ష లేకుండానే గ్రూపు నిర్ణయించే వీలుంది.