172 నుంచి 182కి: నీలం నాబ్ వాడే తీరు

సెస్నా 172 విమానంలో నేర్చుకుని సెస్నా 182 ఎక్కిన ప్రతి స్టూడెంటుకీ నేను మొదట చెప్పేది ఒకటే: ఇక మీద ఆర్‌పీఎం (ప్రొపెల్లర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) ఒక్కటే చూసి పవర్ ఎంతుందో చెప్పకండి. పవర్ థ్రాటిల్‌తో మారుతుంది, ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి చూపే మేనిఫోల్డ్ ప్రెషర్ గేజ్‌లో కనిపిస్తుంది. నీలం నాబ్ అంటే ప్రొపెల్లర్ కంట్రోల్, దానితో మీరు ఆర్‌పీఎం ఎంతుండాలో అడుగుతారు. ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి ఆ ఆర్‌పీఎంని నిలబెట్టే పని గవర్నర్ అనే పరికరానిది.

గవర్నర్‌లో గిరగిరా తిరిగే చిన్న బరువులు, వాటిని అదిమే స్ప్రింగు ఉంటాయి. నాబ్ కదిపితే మారేది ఆ స్ప్రింగు బిగువే. ముక్కు దించితే ఇంజన్ వేగం పెరగబోతుంది, బరువులు బయటికి విచ్చుకుంటాయి, ఆయిల్ ప్రొపెల్లర్ మధ్యలోని హబ్‌లోకి వెళ్లి రెక్కల కోణం పెంచుతుంది. ఆర్‌పీఎం మళ్లీ మీరడిగిన చోటికే వస్తుంది.

రన్-అప్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు నేలమీద ఇంజన్ పరీక్షించేటప్పుడు, 1800 ఆర్‌పీఎం దగ్గర నాబ్ మీది బటన్ నొక్కి వెనక్కి లాగండి. ఆర్‌పీఎం పడాలి, మేనిఫోల్డ్ కాస్త పెరగాలి, ఆయిల్ ప్రెషర్ కొంచెం తగ్గాలి. వెంటనే ముందుకు తోసేయండి. చలి ఉదయాల్లో రెండు మూడుసార్లు చేస్తే హబ్‌లోకి వేడి ఆయిల్ చేరుతుంది.

టేకాఫ్‌కి నాబ్ పూర్తిగా ముందుకు, 182టీ మోడల్‌లో 2400 ఆర్‌పీఎం. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకు దాదాపు ఒక అంగుళం (పాదరసం కొలతలో) మేనిఫోల్డ్ పడిపోతుంది, థ్రాటిల్‌తో సర్దుకోండి. పవర్ పెంచేటప్పుడు నీలం ముందు, థ్రాటిల్ తర్వాత. తగ్గించేటప్పుడు థ్రాటిల్ ముందు. మేనిఫోల్డ్ అంకె ఆర్‌పీఎంని వందతో భాగిస్తే వచ్చే అంకెను (2400కి 24) దాటకూడదని కొందరు పట్టుబడతారు. నేను ఒప్పుకోను. మీ విమానం హ్యాండ్‌బుక్ పట్టికలో ఇచ్చిన మేనిఫోల్డ్-ఆర్‌పీఎం జత ఏదైనా వాడుకోవచ్చు.

కార్బ్యురేటర్ ఉన్న పాత 182లు నడిపేవాళ్లు ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. 172లో రెక్కల కోణం మారదు కాబట్టి కార్బ్యురేటర్‌లో మంచు పడితే ఆర్‌పీఎం తగ్గి చెప్పేస్తుంది. ఇక్కడ గవర్నర్ రెక్కల కోణం తగ్గించి ఆ పతనాన్ని కప్పేస్తుంది. ఆర్‌పీఎం సూది కదలదు, చప్పుడు మారదు. మెల్లగా జారేది మేనిఫోల్డ్ ఒక్కటే. మీరు థ్రాటిల్ ముట్టకుండా, ఎత్తు మారకుండా అది తగ్గుతోందంటే కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే కార్బ్ హీట్ పూర్తిగా లాగండి. మొదట ఇంకా పడుతుంది, కంగారుపడి తీసేయకండి. మంచు కరిగాక పైకి వస్తుంది.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగుతున్నప్పుడు, థ్రాటిల్ తగ్గించాక నీలం పూర్తిగా ముందుకు తోయండి, గో-అరౌండ్‌కి (దిగకుండా మళ్లీ పైకి లేవడానికి) సిద్ధంగా ఉంటుంది. ఇంజన్ ఆగినా ప్రొపెల్లర్ తిరుగుతూ, ఆయిల్ ప్రెషర్ ఉంటే నాబ్ పూర్తిగా వెనక్కి లాగండి. రెక్కలు గాలికి తక్కువ అడ్డుపడి గ్లైడ్ దూరం పెరుగుతుంది. ఇన్‌స్ట్రక్టర్‌తో మంచి ఎత్తులో, థ్రాటిల్ ఐడిల్‌లో ఉంచి ఒకసారి చేసి చూడండి: ఎవరో బ్రేకు వదిలినట్టు విమానం ముందుకు సాగడం వీపుకే తెలుస్తుంది.