విదేశంలో క్లాసిక్ కారు రేసుకు వెళ్తున్నారా? నల్గొండ, మహబూబ్‌నగర్ వాళ్లకు దరఖాస్తు విధానం

ఐడీపీ, అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, చేతికొస్తే రేసులో దిగొచ్చని చాలామంది అనుకుంటారు. దిగలేరు. ఆ చిన్న బుక్‌లెట్ పరాయి దేశంలో మామూలు రోడ్డు మీద కారు నడపడానికే. ట్రాక్ ఎక్కాలంటే రేసింగ్ లైసెన్స్ వేరే ఉండాలి, పాత కారుకు దాని కాగితం దానికుండాలి. అలాగని ఐడీపీని పక్కన పెట్టలేం. ఎయిర్‌పోర్టు నుంచి ట్రాక్‌కు అద్దె కారులో వెళ్లాలన్నా, ఇటలీలో ఊళ్ల మధ్య రోడ్ల మీదే సాగే మిల్లే మిలియా లాంటి పాత కార్ల పోటీల్లో పాల్గొనాలన్నా అది అడుగుతారు.

ముందు ఐడీపీ సంగతి. మీరు నివాసం ఉండే జిల్లా ఆర్టీఏ ఆఫీసులోనే దరఖాస్తు చేయాలి. ఉమ్మడి జిల్లా రోజుల్లో లైసెన్స్ తీసుకున్నవాళ్లు అందులో ఏ చిరునామా ఉందో ఒకసారి తీసి చూడండి. ఇప్పుడు మీ ఊరు సూర్యాపేటలోకో, వనపర్తిలోకో, నాగర్‌కర్నూల్‌లోకో వెళ్లి ఉండొచ్చు. చిరునామా మార్పు మిగిలి ఉంటే ముందు అది పూర్తి చేసుకోవడం మంచిది.

దరఖాస్తు ఫారం 4ఏ. దానికి గడువు మిగిలి ఉన్న డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు కాపీలు, ఫొటోలు జత చేయాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, సర్వీసు చార్జీలు దానికి అదనం. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకుని, ఆ రోజు ఒరిజినల్స్‌తో వెళ్లాలి. ఇదివరకు వీసా, మెడికల్ సర్టిఫికెట్ కూడా పెట్టాల్సి వచ్చేది. 2021 జనవరిలో కేంద్రం ఆ రెండు షరతులూ తీసేసింది. అయినా చేతిలో ఉంటే పట్టుకెళ్లండి, కౌంటర్ దగ్గర వాదించే ఓపిక అందరికీ ఉండదు.

అసలు టెన్షన్ పేరు దగ్గర వస్తుంది. లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, అదీ ఒక్కోసారి చివర్లో. మన దగ్గర ఇది ఎవరికీ వింతగా అనిపించదు. రేసు నిర్వాహకుల ఆఫీసులో కూర్చున్న మనిషికి మాత్రం ఆ రెండు పేర్లూ ఇద్దరు వేర్వేరు వ్యక్తులవి. నా లైసెన్స్‌లో పేరు సరిచేయించుకోవడానికే మూడుసార్లు తిరిగాను. ఐడీపీ, రేసింగ్ లైసెన్స్, ఎంట్రీ ఫారం అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉండేలా చూసుకోండి.

ఐడీపీ గడువు ఏడాది. మీ లైసెన్స్ గడువు అంతకంటే ముందే అయిపోతే ఐడీపీ గడువు కూడా అప్పటితోనే ముగుస్తుంది. అక్కడ నడిపేటప్పుడు ఒరిజినల్ లైసెన్స్ కూడా వెంట ఉండాలి. మన ఐడీపీ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్‌లలో చెల్లుతుంది, చైనాలో చెల్లదు.

ఇక రేసింగ్ లైసెన్స్. మన దేశంలో దీన్ని ఇచ్చేది చెన్నైలోని ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే దేశంలోని మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య. కారు రేసులను చూసుకునే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ దీన్ని గుర్తించింది. డాక్టరు సంతకం చేసిన ఫిట్‌నెస్ ఫారం, బ్లడ్ గ్రూపు వివరాలు కావాలి. వయసు 45 దాటితే గుండె పరీక్షలు కూడా ముందే చేయించుకోండి. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ సరదాకు రేసు నేర్చుకునేవాళ్లను శిక్షణ, అనుభవం గురించి అడుగుతారు. మన జిల్లాల్లో ట్రాక్ లేదు. కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో వెళ్లక తప్పదు. విజయవాడ హైవే మీదో, జడ్చర్ల దగ్గర 44వ నంబర్ హైవే మీదో ప్రాక్టీసు చేద్దామనుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది. మొదటిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇంకొకటి. ఈ రేసింగ్ లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నా ఆ ఏడాది డిసెంబర్ 31తో అయిపోతుంది. నవంబర్‌లో తీసుకుంటే డబ్బు దండగ. విదేశంలో దిగడానికి ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతి కూడా ఉండాలి, దాన్ని చివరి వారానికి వదిలేయొద్దు. ఊళ్లో బైక్ కోసం కొన్న హెల్మెట్ అక్కడ తనిఖీలో నిలవదు. ఎఫ్‌ఐఏ ప్రమాణం లేబుల్ ఉన్న హెల్మెట్, సూటే కొనండి.

కారు సంగతికొస్తే, నా ఉద్దేశంలో మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కడే అద్దెకు తీసుకోవడం తెలివైన పని. తీసుకునే ముందు హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ చూపించమనండి. కారు తన కాలంలో ఎలా ఉండేదో, ఇప్పుడూ అలాగే ఉందో లేదో అందులో రాసి ఉంటుంది. దాన్ని బట్టే మీరు ఏ పోటీ విభాగంలో దిగాలో తేలుతుంది. ఎఫ్‌ఐఏ లెక్కలో 1962 నుంచి 1965 మధ్య కారు ‘ఎఫ్’ కాలంలోకి వస్తుంది, 1947 నుంచి 1961 మధ్యది ‘ఇ’లోకి.

లేదు, తాతగారి కారే తీసుకెళ్తానంటే ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ నుంచి కార్నెట్ తీసుకోవాలి. అది ఉంటే అక్కడ దిగుమతి సుంకం కట్టకుండా కారును కొంతకాలం ఉంచుకోవచ్చు. దానికి బ్యాంకు గ్యారంటీ లాంటి పూచీ అడుగుతారు. కారు ఆ దేశంలోకి వెళ్లినప్పుడు ఒక ముద్ర, బయటికి వచ్చినప్పుడు ఒక ముద్ర పడాలి. రేసు అయ్యాక ఓడ ఎక్కించే హడావుడిలో రెండో ముద్ర మర్చిపోతే కారును అక్కడే అమ్మేశారనుకుంటారు, ఆ సుంకం మీ పూచీ సొమ్ములోంచి పోతుంది.