డీపీఎఫ్ లేని పాత డీజిల్ ఫ్యామిలీ బండిని ఎలా ఎంచుకోవాలి?

శ్రీకాకుళంలో పాత డీజిల్ బండి కొనబోయే బంధువులు, స్నేహితులు నన్ను తోడు రమ్మని పిలవడం చాలా ఏళ్లుగా జరుగుతోంది. నేను వెళ్లేసరికే సగం తప్పు జరిగిపోయి ఉంటుంది. అమ్మేవారు పది గంటల వేళ బండిని కడిగి, తుడిచి, కొనేవారి ఇంటి ముందుకే తెచ్చి నిలబెడతారు. కొనేవారు సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, టైర్ల నలుపు చూసి మురిసిపోయి బయానా చేతిలో పెట్టేస్తారు. వేడెక్కిన డీజిల్ ఇంజిన్ తన రోగాన్ని దాచుకుంటుందన్న ఒక్క విషయం తెలిసి ఉంటే వారిలో చాలామంది ఆ రోజు బయానా ఇచ్చేవారు కాదు.

ముందుగా ఫిల్టర్ సంగతి చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణాలు వచ్చాయి, అంతకు ముందువి బీఎస్-4. వాటితో పాటు డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలోకి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ వచ్చింది. పట్టిన మసిని అది లోపలే కాల్చుకోవాలి. అందుకు పొగ వేడి సుమారు 600 డిగ్రీలకు చేరాలి, బండి ఆగకుండా ఒకే వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు, ఆదివారం అరసవల్లికి తప్ప కదలని బండికి ఆ అవకాశం రాదు. మసి నిండుతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది. మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలుచన చేస్తుంది. రోజూ జాతీయ రహదారి మీద విశాఖపట్నం వెళ్లి వచ్చేవారికి ఈ బాధ లేదు, వారు నిశ్చింతగా బీఎస్-6 బండి కొనుక్కోవచ్చు. ఊళ్లోనే తిరిగే కుటుంబానికి మాత్రం ఫిల్టర్ లేని బీఎస్-4 బండే సరైనదని నా నిశ్చయం.

అయితే ఫిల్టర్ ఊపిరితిత్తులకు మేలు చేసే వస్తువే. అది లేని బండిని కొన్నవారు ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లను, ఎయిర్ ఫిల్టర్‌ను సరిగా ఉంచుకుని, వెనుక వచ్చే మనిషి మీదకు నల్ల పొగ వదలకుండా చూసుకోవాలి. ఫిల్టర్‌ను లోపల పగలగొట్టి డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేసిన బీఎస్-6 బండిని మాత్రం ఎంత చవకైనా ముట్టుకోకూడదు. అలాంటి మార్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. బండి కింద పడుకుని డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీత ఉందేమో చూడాలి. ఫిల్టర్ పనిచేసే బండి సైలెన్సర్ గొట్టం లోపల శుభ్రంగా ఉంటుంది, బీఎస్-6 బండి గొట్టంలో నల్లటి మసి కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఏ బండి చూడాలి

అచ్చమైన ఎస్టేట్ కార్లు, అంటే వెనుక సామాను చోటు పైకప్పు దాకా ఉండే పొడవాటి కార్లు, మన దేశంలో నిలదొక్కుకోలేదు. డీజిల్‌లో వచ్చిన టాటా ఇండిగో మెరీనా ఇప్పుడు దొరికినా పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దాటినదే అయి ఉంటుంది. గడువు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. కాబట్టి కుటుంబమూ సామానూ కలిసి పట్టే బండి కావాలంటే డీజిల్ ఎర్టిగా, పాత 2.5 లీటర్ల ఇన్నోవా, బీఎస్-4 క్రిస్టా, రెనో లాడ్జీలలో వెతకాలి. ఎర్టిగా 1.3 ఇంజిన్‌కు, క్రిస్టాకు ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే టైమింగ్ చైన్ ఉంటుంది. పాత ఇన్నోవాకు, లాడ్జీకి దాని బదులు గడువుకు మార్చాల్సిన టైమింగ్ బెల్టు ఉంటుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే అది మార్చలేదనే లెక్క వేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. తెలుపు రంగు, మొదటి యజమాని, సొంత వాడకం, ఈ మూడూ లేని బండిని నేను చూడటానికి కూడా వెళ్లను. పసుపు బోర్డు నుంచి తెల్ల బోర్డుకు మార్చిన బండి అసలే వద్దు.

కాగితాలు

మన రాష్ట్రంలో 2019 నుంచి అన్ని జిల్లాలకూ ఏపీ 39 శ్రేణి వచ్చింది. అందువల్ల ఏపీ 30 అనే శ్రీకాకుళం నంబరు, ఏపీ 35 అనే విజయనగరం నంబరు ఉన్న మామూలు డీజిల్ కారు దాదాపు ఖాయంగా బీఎస్-4 గానీ అంతకు ముందుది గానీ అయి ఉంటుంది. ఏపీ 39 అయితే తయారీ నెల ఒక్కటే చూసి నమ్మకూడదు. 2019 ఆగస్టులో వచ్చిన కియా సెల్టోస్ డీజిల్ అప్పటికే బీఎస్-6. ఆర్సీలోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో ప్రమాణం ఏమని రాసి ఉందో చదవాలి.

మన దగ్గరకు ఒడిశా నంబరు బండ్లు పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి చాలా వస్తాయి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2015లో ఆదేశించిన నాటి నుంచి అక్కడి బండ్లు కూడా దక్షిణాదికి దిగుతున్నాయి. వీటికి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ రెండూ లెక్కవేస్తే చవక ధర చవకగా మిగలదు. బండి మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35 లేకుండా మాట ముందుకు సాగనివ్వకూడదు.

బాడీ

దీనికి ఇరవై నిమిషాలు చాలు. ప్రతి అద్దం మూలలో ఉన్న సంవత్సరపు గుర్తులు ఒకదానితో ఒకటి కలవాలి. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. నలభై వేల కిలోమీటర్ల మీటరు చూపించే బండికి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు తిప్పారన్నమాట.

తీరం పక్క ఊళ్ల బండ్లకు, అంటే కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తిరిగిన వాటికి, ఉప్పు గాలి వల్ల కింది భాగం తుప్పు పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నాడు పలాస, సోంపేట ప్రాంతాల్లో నీళ్లలో నిలిచిన బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయని గుర్తుంచుకోవాలి. సీటు బెల్టును చివరి దాకా లాగితే మడతలో దాగిన బురద చారిక బయటపడుతుంది. సీటు కింది పట్టాల తుప్పు కూడా అదే కథ చెబుతుంది.

చల్లటి ఇంజిన్ పరీక్ష

ఇక్కడ తొందర పడకూడదు. ఈ ఒక్క మెట్టు సరిగా ఎక్కినవారికి మిగతావి కాస్త అటూ ఇటూ అయినా నష్టం ఉండదు.

ముందు రోజు రాత్రే అమ్మేవారికి ఫోన్ చేసి, తెల్లవారి ఆరు గంటలకు వస్తామనీ, అంతవరకు బండి స్టార్ట్ చేయవద్దనీ మర్యాదగా చెప్పాలి. "అలాగే బాబూ" అన్న మాటతో తృప్తిపడకుండా వెళ్లగానే చెయ్యి పెట్టి చూడాలి. బానెట్ పైభాగం మంచుకు తొందరగా చల్లబడుతుంది కనుక అది నమ్మదగినది కాదు. బానెట్ ఎత్తి, రేడియేటర్ పైపు మీదా ఇంజిన్ ఒంటి మీదా అరచేయి ఆనించాలి. గోరువెచ్చగా తగిలినా సరే, కారణం అడగకుండా నమస్కారం పెట్టి, మరో ఉదయం వస్తామని చెప్పి తిరిగి రావాలి. చాలా ఏళ్ల కిందట టెక్కలి దగ్గర ఒక మధ్యవర్తి చూపించిన బండికి నేను ఈ పని చేయలేదు. గోరువెచ్చగా ఉందేమిటని అడిగితే పొద్దున్నే పాలకు వెళ్లి వచ్చామన్నారు, నమ్మాను. పుష్య మాసం చలిలో ఆ బండి స్టార్ట్ కాక, నాలుగు నాజిళ్లూ, చలిలో ఇంజిన్ అందుకునేలా లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులు రెండూ మార్చాల్సి వచ్చింది.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో మన దగ్గర తెల్లవారుజామున కూడా వేడి తగ్గదు, అలాంటప్పుడు హీటర్ ప్లగ్గులు పోయిన ఇంజిన్ సైతం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అందుకే డీజిల్ బండి కొనేవారు కార్తీకం నుంచి మాఘం వరకు మాత్రమే కొనాలి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు బండి అయితే ఆ చలి మరింత మంచి పరీక్ష పెడుతుంది.

తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టకూడదు. చుట్టల గుర్తున్న హీటర్ లైటు ఆరిపోయే దాకా ఆగాలి. ఆ తరువాత యాక్సిలరేటర్ తొక్కకుండా సెల్ఫ్ కొడితే రెండు సెకన్లలో ఇంజిన్ అందుకోవాలి. గొణుగుతూ ఐదారు సెకన్లు తిరిగిందంటే నాజిల్ కారుతోందనో, డీజిల్ పైపులో గాలి పడుతోందనో, కంప్రెషన్ తగ్గిందనో అర్థం. చైన్ ఇంజిన్ అయితే మొదటి క్షణాల్లో చైన్ పక్క నుంచి గొలుసు చప్పుడు వస్తుందేమో చెవి పెట్టి వినాలి.

అదే సమయంలో ఇంకొక మనిషి వెనుక నిలబడాలి. నేను సైలెన్సర్‌కు జానెడు దూరంలో పాత తెల్ల పంచె ముక్క పట్టుకోమంటాను. గుడ్డ మీద పొడి మసి చుక్కలు పడితే అది ఫిల్టర్ లేని ప్రతి బండికీ సహజమే, దులిపితే రాలిపోతుంది. చుక్క చుట్టూ నూనె తడి వ్యాపించి, వేలితో రుద్దితే జిడ్డుగా సాగితే ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నమాట. పొగ రంగు కూడా అప్పుడే చూడాలి. చలిలో కొన్ని క్షణాల తెల్ల పొగ తప్పు కాదు. అది ఆగకుండా వస్తూ కళ్లు మండిస్తూ పచ్చి డీజిల్ వాసన వేస్తే కాలని డీజిల్ బయటికి వస్తోంది. తెల్ల పొగలో తియ్యటి వాసన ఉండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు గానీ టర్బో గానీ ఆయిల్ వదులుతున్నట్టే, బేరం అక్కడితో ఆపేయాలి.

తరువాతిది బ్యాక్ కంప్రెషన్, అంటే అరిగిన రింగుల పక్క నుంచి ఇంజిన్ కిందికి జారిన గాలి ఒత్తిడి. చాలామంది తప్పుగా చూసేది దీన్నే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పి, తీసేయకుండా తిరగేసి రంధ్రం మీదే ఉంచాలి. మూత సన్నగా వణికితే ఫరవాలేదు. ఎగిరి పడితే, రంధ్రంలోంచి పొగ బుసబుసమంటూ వస్తే బోరు, రింగులు అరిగాయి. కానీ కొన్ని ఇంజిన్లలో మూత మంచి స్థితిలో కూడా కొంచెం ఆడుతుంది, గాలి వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోయినా ఎగురుతుంది. కాబట్టి అదే మోడల్ బండి ఉన్న ఎవరినైనా బతిమాలి, దాని మూత ఎంత ఆడుతుందో ముందే చూసి వెళ్లాలి. ఆ పోలిక లేకుండా ఇచ్చే తీర్పు వల్ల మంచి బండి పోతుంది, లేదా చెడ్డది చేతికి చిక్కుతుంది.

స్కానర్ పెట్టి లోపాలేమీ లేవన్న కాగితం ఇస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. లోపాల కోడ్‌లను ముందు రోజే చెరిపేయడం ఒక్క నిమిషం పని, అరిగిన రింగు కోడ్ రాయదు. స్కానర్ పెట్టించవచ్చు, కానీ తెల్ల గుడ్డ తరువాతే.

రోడ్డు మీద, పంపు షాపులో

పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, వేడి సూచిక మధ్యలో నిలబడితే బండిని ఎత్తు ఎక్కించాలి. విజయనగరం జిల్లావారికి సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్ రోడ్డును మించిన పరీక్ష లేదు. మూడో గేరులో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కితే క్లచ్ జారడం, టర్బో ఊళ, నల్ల పొగ, మూడూ బయటపడతాయి. ఆపి పది నిమిషాలయ్యాక వేడి మీద మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి, అప్పుడు కూడా తడబడకూడదు.

ఇదంతా నచ్చిన బండినే డీజిల్ పంపులు, నాజిళ్లు చూసే పంపు మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాలి. ఆయన నాలుగు నాజిళ్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపులను నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి ఇంజిన్ నడుపుతారు. నాలుగింటిలో డీజిల్ సమంగా నిండాలి, ఒక సీసా మిగతావాటికంటే ముందే నిండితే ఆ నాజిల్ పోయింది. ఆ సీసాలను అమ్మేవారి కళ్లెదుటే వరుసగా పెట్టించండి, ధర గురించి ఆ తరువాత మాట్లాడండి.

డబ్బు చేతులు మారే రోజే యాజమాన్యం మార్పుకు కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోవాలి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో, ఆర్సీని 30 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. అమ్మేవారు ఆయిల్ కొత్తగా మార్చామన్నా సరే, చప్పుడు దాచడానికి చిక్కటి ఆయిల్ పోసి ఉండవచ్చు కనుక మొదటి వారంలోనే కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ పోయించి, డీజిల్ ఫిల్టర్ కింది స్క్రూ విప్పి అడుగున చేరిన నీళ్లు వంపేయాలి.