స్కూల్లో గొడవలు, వేధింపులు ఆపే విద్యార్థి బృందాన్ని ఎలా తయారు చేయాలి?

ఏ స్కూల్లోనైనా గొడవ రాబోతోందన్న సంగతి ముందు తెలిసేది పిల్లలకే. ఎవరు ఎవరి మీద పగబట్టారో, ఇంటర్వెల్‌లో ఎవర్ని ఏడిపిస్తున్నారో, సాయంత్రం గేటు బయట ఏం జరగబోతోందో టీచర్ల చెవిన పడేసరికి అంతా అయిపోతుంది. కెనడాలో పరిశోధకులు స్కూల్ ఆటస్థలాల్లో వీడియోలు తీసి పరిశీలించారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం సార్లు తోటి పిల్లలు పక్కనే ఉన్నారు. వాళ్లు కల్పించుకున్నది మాత్రం 19 శాతం సార్లే. అయితే ఎవరైనా కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది.

నాకు ఇది చాలా ఆశ కలిగించే సంగతి. చూసేవాళ్లకు కొదవ లేదు. చూసినప్పుడు ఏం చేయాలో తెలిసినవాళ్లే తక్కువ. అది నేర్పడానికే ఈ బృందం. పోస్టర్లు అంటించి, ఒకరోజు ర్యాలీ తీసి ఊరుకునే పని అయితే ఇంత శ్రమ అక్కర్లేదు.

1. ముందు పెద్దవాళ్ల దగ్గర మాట తీసుకోండి

బృందం మొదలుపెట్టకముందే ప్రిన్సిపాల్ దగ్గర మూడు విషయాలు తేల్చుకోవాలి. పిల్లలు ఏదైనా చెబితే అది ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఎంతసేపట్లో చర్య తీసుకుంటారు? చెప్పినవాళ్ల పేరు బయటికి రాకుండా ఎవరు చూస్తారు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి. "చూద్దాంలే" అన్న జవాబే వస్తే ఆ స్కూల్లో బృందం పెట్టకపోవడమే నయం. ధైర్యం చేసి చెప్పిన పిల్లకు మర్నాడే "నువ్వేనా చెప్పింది?" అన్న ప్రశ్న ఎదురైతే, ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు.

బృందం వెంట ఉండడానికి ఒక టీచరో, కౌన్సెలరో కావాలి. పిల్లలు భయం లేకుండా మాట్లాడేవాళ్లయితే చాలు, సీనియరా జూనియరా అన్నది ముఖ్యం కాదు.

బృందం చేయకూడని పనులు కూడా ఇప్పుడే రాసుకోండి. దెబ్బలాటలో మధ్యకు వెళ్లడం, ఇంకొకరి బ్యాగ్ వెతకడం, తప్పు చేసినవాళ్లకు శిక్ష వేయడం విద్యార్థుల పని కాదు. లైంగిక వేధింపు, ఇంట్లో కొడుతున్నారన్న మాట, ఆయుధం, చచ్చిపోతానన్న మాట... వీటిలో ఏది చెవిన పడినా అప్పటికప్పుడే ఆ టీచర్‌కు చెప్పేయాలి. బృందంలో చర్చకు కూడా పెట్టకూడదు.

2. మంచి మార్కులు చూసి కాదు, మాట చెల్లేవాళ్లను చూసి ఎంచుకోండి

చాలా స్కూళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. టీచర్లు క్లాస్ లీడర్లనూ ఫస్ట్ ర్యాంకర్లనూ పిలిచి బ్యాడ్జీలు ఇస్తారు. ఆ పిల్లలు మంచివాళ్లే కావచ్చు, కానీ వెనక బెంచీల్లో వాళ్ల మాట ఎవరూ వినరు.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 2012-13 విద్యా సంవత్సరంలో 56 మిడిల్ స్కూళ్లలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. వాటిలో సగం స్కూళ్లలో కొద్దిమంది పిల్లల్ని ఎంపిక చేసి, తమ స్కూల్లో ఎలాంటి గొడవలు జరుగుతున్నాయో వాళ్లనే గుర్తించమన్నారు, వాటికి వ్యతిరేకంగా ఏం చేయాలో కూడా వాళ్లనే తేల్చుకోమన్నారు. నినాదాలు, పోస్టర్లు ఆ పిల్లలే తయారు చేసుకున్నారు. ఎవరైనా గొడవను చల్లార్చినా, తోటివారికి సాయం చేసినా నారింజ రంగు రిస్ట్‌బ్యాండ్ ఇచ్చారు. ఏడాది చివరికి, కార్యక్రమం లేని స్కూళ్లతో పోలిస్తే ఇక్కడ గొడవల మీద నమోదైన క్రమశిక్షణ కేసులు దాదాపు 30 శాతం తగ్గాయి. తోటివాళ్లతో ఎక్కువ కలివిడిగా ఉండేవాళ్లు, అంటే నలుగురి దృష్టిలో ఉండేవాళ్లు బృందంలో ఎక్కువమంది పడిన స్కూళ్లలో ఫలితం ఇంకా బాగా కనిపించింది.

అలాంటివాళ్లను కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి, "ఈ మధ్య నువ్వు ఎక్కువసేపు ఎవరెవరితో గడుపుతున్నావు? పది పేర్ల దాకా రాయి" అని అడగాలి. మీ బెస్ట్ ఫ్రెండ్ ఎవరని అడక్కండి, దానితో మొహమాటాలు వస్తాయి. చీటీలు బృందం టీచర్ ఒక్కరే లెక్కపెట్టాలి. ఎక్కువసార్లు వచ్చిన పేర్లను ఒక్కో స్నేహితుల గుంపు నుంచీ కొన్ని చొప్పున తీసుకుంటే ఇరవై, ముప్పై మంది తేలతారు. అందులో అల్లరివాళ్లు ఉంటారు, పోయిన నెల కొట్లాటలో దొరికినవాళ్లూ ఉంటారు. "వాడా?" అని స్టాఫ్ రూమ్‌లో అభ్యంతరం వస్తుంది. వాడే కావాలి. గొడవ పడేవాళ్లు వినేది వాడి మాటే.

ఆ చీటీలతో ఇంకో మేలుంది. ఎవరూ పేరు రాయని పిల్లలు కూడా బయటపడతారు. ఆ జాబితాను ఎవరికీ చూపించకుండా, ఆ పిల్లల్ని గ్రూప్ వర్క్‌లోనో ఆటల్లోనో కలుపుకునే ఏర్పాటు టీచర్ మెల్లగా చేయాలి. పని అయ్యాక చీటీలు చింపేయాలి.

రమ్మని బలవంతం వద్దు. వచ్చినవాళ్ల ఇళ్లలో చెప్పి అనుమతి తీసుకోండి. రెండు వారాలకోసారైనా బృందం కూర్చోవాలి, అదీ స్కూల్ టైమ్‌లోనే. స్కూల్ అయ్యాక పెడితే బస్సు పిల్లలు, ఇంట్లో పని ఉన్న పిల్లలు రాలేరు.

3. ఎక్కడ, ఎప్పుడు జరుగుతోందో మ్యాప్ గీయండి

మొదటి సమావేశంలోనే పెద్ద చార్ట్ మీద స్కూల్ ప్లాన్ గీయండి. గదులు, మెట్లు, టాయిలెట్లు, ఆటస్థలం, గేటు, బస్సు ఆగే చోటు అన్నీ ఉండాలి. తోసుకోవడాలు, కొట్లాటలు ఉన్నచోట ఎర్ర చుక్క, మాటలతో ఏడిపించే చోట నీలం చుక్క పెట్టించండి. పక్కనే టైమ్ రాయాలి. పేర్లు మాత్రం ఒక్కటి కూడా రాయకూడదు.

గంట గడిచేసరికి చుక్కలన్నీ కొన్ని చోట్లే గుమిగూడతాయి. టీచర్లు వెళ్లని చోట్లు, లేదా రెండు పీరియడ్ల మధ్య ఎవరి బాధ్యతా కాని చోట్లు అవి. ఆ చార్ట్‌ను ప్రిన్సిపాల్ ముందు పెడితే సగం పరిష్కారాలు అక్కడే దొరుకుతాయి. చీకటి వరండాలో లైటు, టాయిలెట్ తలుపుకు గడియ, మెట్ల దగ్గర ఇంటర్వెల్ డ్యూటీ, పెద్ద క్లాసులనూ చిన్న క్లాసులనూ ఐదు నిమిషాల తేడాతో వదలడం. ఇవి పిల్లల ప్రవర్తనను మార్చనక్కర్లేకుండానే గొడవలు తగ్గించే పనులు. పైగా తాము చెప్పింది జరిగిందని చూశాక బృందానికి నమ్మకం కుదురుతుంది. కాబట్టి వీటిలో ఒకటైనా మొదటి నెలలోనే చేయించండి.

4. కల్పించుకోవడం సాధన చేయించండి

కల్పించుకోవడం అంటే ఎదురు తిరగడం అనుకుని చాలామంది వెనకాడతారు. అంతకంటే తేలికైన దారులు మూడు ఉన్నాయి: దృష్టి మళ్లించడం, పెద్దవాళ్లను పిలవడం, తర్వాత వెళ్లి పలకరించడం.

ఇంటర్వెల్‌లో కుళాయిల దగ్గర ఇద్దరు కలిసి ఓ పిల్లవాడి వాటర్ బాటిల్ లాక్కుని ఒకరికొకరు విసురుకుంటున్నారు అనుకోండి. చుట్టూ పదిమంది నవ్వుతున్నారు. బృందంలోని అమ్మాయి ఆ ఇద్దరి జోలికి పోదు. బాటిల్ పోగొట్టుకున్న అబ్బాయి పక్కకు వెళ్లి, "సైన్స్ చార్ట్ నీ దగ్గరే ఉంది కదా, రా, మేడమ్‌కి ఇచ్చేద్దాం" అంటుంది. అతనితో కలిసి నడుస్తుంది. బృందంలోనే ఉన్న ఇంకో అబ్బాయి నవ్వుతున్న గుంపులోంచి తన ఫ్రెండ్స్ ఇద్దరిని "పదండ్రా, టైమ్ అయిపోతోంది" అని లాక్కుపోతాడు. మూడో పిల్ల డ్యూటీ టీచర్ దగ్గరికి వెళ్తుంది. ఏడిపించడానికి ఎదురుగా మనిషి లేడు, నవ్వడానికి జనం లేరు. ఆ ఇద్దరూ కాసేపటికి బాటిల్ అక్కడే పడేసి పోతారు.

ఇలాంటి సంఘటనల్ని సమావేశంలో పది నిమిషాలు నటించి చూడాలి. బాటిల్ పోయినవాడి పాత్ర అందరూ ఒక్కోసారి వేయాలి. సాధన లేకపోతే అవసరమైన క్షణంలో ఒక్క మాట కూడా నోట్లోంచి రాదు. ఆరోజు ఏమీ చేయలేకపోయినా, సాయంత్రం "ఇందాక వాళ్లు చేసింది నాకు నచ్చలేదు. రేపు లంచ్‌కి మాతో కూర్చో" అనడం ఎవరైనా చేయగలరు. ఒంటరిగా మిగిలిపోయిన పిల్లలకు ఆ ఒక్క మాట కొండంత బలం.

చేతులు లేచాయంటే మాత్రం ఎవరూ మధ్యకు వెళ్లకూడదు. అమెరికాలో హింసకు వ్యతిరేకంగా విద్యార్థులు నడిపే 'సేవ్' క్లబ్బులు 1989లో షార్లెట్ నగరంలోని ఒక హైస్కూల్లో మొదలయ్యాయి. స్కూల్ బయట ఒక పార్టీలో గొడవ ఆపబోయి ఒక విద్యార్థి ప్రాణాలు కోల్పోయాడు. ఆ దుఃఖంలోంచే అవి పుట్టాయి. కాబట్టి కొట్లాట మొదలైతే బృందం పని రెండే: పెద్దవాళ్లను పిలవడం, చుట్టూ చేరినవాళ్లను దూరంగా తీసుకెళ్లడం. ఫోన్ ఎత్తి వీడియో తీసేవాళ్లు పెరిగేకొద్దీ కొట్టుకునేవాళ్లు వెనక్కి తగ్గలేరు, పరువు అడ్డొస్తుంది.

5. బెదిరింపు వింటే దాచొద్దు

1974 నుంచి 2000 దాకా అమెరికా స్కూళ్లలో జరిగిన 37 దాడులను ఆ దేశ సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పరిశీలించాయి. 81 శాతం ఘటనల్లో దాడికి ముందే కనీసం ఒక్కరికి ఆ సంగతి తెలుసు. తెలిసినవాళ్లలో దాదాపు అందరూ స్నేహితులు, క్లాస్‌మేట్స్, తోబుట్టువుల లాంటి తోటి పిల్లలే. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లకు చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణాలు మనకు తెలిసినవే: చాడీలు చెప్పేవాడన్న పేరు వస్తుందన్న భయం, "వాడు ఊరికే అన్నాడులే" అన్న అనుమానం. బృందం అన్ని క్లాసులకూ వెళ్లి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఒకరికి శిక్ష పడాలని చెప్పడం వేరు, ఒకరికి దెబ్బ తగలకూడదని చెప్పడం వేరు. బెదిరించిన పిల్లవాడు కూడా చాలాసార్లు పీకల్దాకా కష్టంలో ఉంటాడు, చెబితే అతనికీ సాయం అందుతుంది.

ఫిర్యాదుల పెట్టె పెడితే అది ఎక్కడ ఉండాలో ఆలోచించండి. ఆఫీసు ముందు పెడితే చీటీ వేసేవాళ్లు అందరి కంటా పడతారు. లైబ్రరీ మూలో, పుస్తకాలు తిరిగిచ్చే చోటో నయం. రోజూ తెరవాలి, తాళం చెవి బృందం టీచర్ దగ్గరే ఉండాలి. అర్జెంటు సంగతులు పెట్టెలో వేయకుండా నేరుగా చెప్పాలని పెట్టె మీదే రాయండి. ఎవరైనా "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే ఒట్టు వేయొద్దు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను" అనండి, అంతవరకే మాట ఇవ్వగలరు.

ఆన్‌లైన్ వేధింపుకూ ఇదే పద్ధతి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, ఫార్వర్డ్ చేయకూడదు, గ్రూప్‌లో జవాబిచ్చి రెచ్చగొట్టకూడదు. బాధపడుతున్నవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టి పలకరించాలి. ఎవరివైనా అసభ్య ఫొటోలైతే స్క్రీన్‌షాట్ కూడా తీయకుండా వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి.

6. రాజీ కుదర్చడం అన్నింటికీ పనికిరాదు

సమానులైన ఇద్దరు ఫ్రెండ్స్ పోట్లాడుకుంటే శిక్షణ పొందిన విద్యార్థులు కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఇకపై ఏం చేస్తారో ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద రాయాలి. పక్క గదిలో టీచర్ ఉండాలి.

ఒకరు రోజుల తరబడి ఇంకొకరిని వేధిస్తుంటే మాత్రం ఈ పద్ధతి వాడొద్దు. అక్కడ ఇద్దరి బలం ఒకటి కాదు. ఎదురెదురుగా కూర్చోబెడితే బాధపడ్డ పిల్ల భయంతో దేనికైనా తలూపుతుంది, బయటికొచ్చాక వేధింపు రెట్టింపవుతుంది. ఇక్కడ పెద్దవాళ్లే విడివిడిగా మాట్లాడాలి.

7. గేటు దాటి బయటికి

స్కూల్ గొడవలు చాలావరకు ఇంటికెళ్లే దారిలో తేలతాయి. ఊళ్లో గొడవలు మర్నాడు క్లాసులోకి వస్తాయి. అందుకే మ్యాప్‌ను గేటు బయటికి కూడా పొడిగించండి. బస్సు డ్రైవర్లు, ఆటల కోచ్‌లు, దారి పొడవునా ఇళ్లవాళ్లు... పిల్లలు పరిగెత్తుకెళ్లి తలుపు తట్టగలిగిన మనుషులు ఎవరో గుర్తించి, టీచర్ వెళ్లి వాళ్లతో మాట్లాడాలి. ఒంటరిగా వెళ్లే చిన్నపిల్లల్ని ఒకే దారిలో పోయే పెద్ద పిల్లలతో జత చేయండి.

నలుగురూ కలిసి కనిపించే పనికి బలం ఎక్కువ. 2007లో కెనడాలోని నోవా స్కోషియాలో ఒక తొమ్మిదో తరగతి అబ్బాయిని గులాబీ రంగు షర్టు వేసుకున్నందుకు వేధించారు. పన్నెండో తరగతి విద్యార్థులిద్దరు 50 గులాబీ షర్టులు కొని తెచ్చి తోటివాళ్లకు పంచారు. ఆ పిల్లవాడు ఒంటరి కాడని స్కూలంతా చూసింది. ఆ పనిని తర్వాత ఎన్నో స్కూళ్లు అందుకున్నాయి. మీరు కూడా అలాంటి రోజు జరపాలనుకుంటే, స్కూళ్లలో హింసకు వ్యతిరేకంగా యునెస్కో 2020 నుంచి ఏటా నవంబర్ మొదటి గురువారాన్ని అంతర్జాతీయ దినంగా పాటిస్తోంది, ఆ రోజు అనువుగా ఉంటుంది.

ముఠాలు, ఆయుధాలు ఉన్న వీధి తగాదాల్లోకి విద్యార్థుల్ని పంపొద్దు. అది అనుభవం, శిక్షణ ఉన్న పెద్దవాళ్లు చేయాల్సిన పని.

8. లెక్క చూసుకోండి, జూనియర్లకు అప్పగించండి

మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, టర్మ్ చివర ఒకసారి పేరు రాయనక్కర్లేని చిన్న సర్వే చేయండి. గడిచిన నెలలో నిన్నెవరైనా కొట్టారా, ఏడిపించారా? నీకు భయమేసే చోటు ఉందా? కష్టమొస్తే చెప్పుకోగలిగిన పెద్దవాళ్లు ఒక్కరైనా స్కూల్లో ఉన్నారా? ఈ మూడు ప్రశ్నలు చాలు. మొదటి నెలల్లో ఫిర్యాదులు పెరుగుతాయి. ప్రిన్సిపాల్ కంగారు పడొచ్చు. గొడవలు పెరిగాయో, చెప్పేవాళ్లు పెరిగారో తెలియాలంటే సర్వే జవాబులు పక్కన పెట్టుకుని చూడాలి.

బృందంలోని పిల్లల మనసు కూడా చూసుకోవాలి. ఇతరుల బాధలు రోజూ వింటే నిద్ర పట్టని పిల్లలుంటారు. ప్రతి సమావేశం చివర టీచర్ "ఈ వారం నీకేమైనా బరువుగా అనిపించిందా?" అని ఒక్కొక్కరినీ అడగాలి. కొన్నాళ్లు తప్పుకుంటామంటే వెంటనే సరేననాలి.

ఏటా పెద్ద క్లాసువాళ్లు వెళ్లిపోతారు కాబట్టి చీటీల ఎంపిక ప్రతి ఏడాదీ కొత్తగా జరపండి. పాతవాళ్లు వెళ్లేలోపు కనీసం రెండు నెలలు కొత్తవాళ్లతో కలిసి పనిచేయాలి. మ్యాప్, సర్వే లెక్కలు, ప్రిన్సిపాల్ రాసిచ్చిన కాగితం ఒక ఫైల్‌లో పెట్టి వాళ్ల చేతికివ్వండి.