ఉగాది నుంచి మిరుగు దాకా చలివేంద్రం

ఉగాది నాడు రిబ్బను కత్తిరించిన చలివేంద్రం మే నెలకల్లా ఎండిన కుండలతో మిగలడానికి కారణం సాధారణంగా ఒకటే: రోజూ నీళ్లు నింపేదెవరో ముందు తేల్చుకోరు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీసా వైపు పెట్టాలనుకుంటే కుండలు కొనకముందే ఇద్దరిని మాట్లాడుకోండి, ఒకరు రాని రోజు ఇంకొకరు. కూలి ఇచ్చి పెట్టుకుంటే ఇంకా మేలు. మొహమాటం మీద నడిచే పని పదిహేను రోజులు దాటదు, మిరుగుకేమో (మృగశిర కార్తెకు) రెండు నెలల పైమాటే.

మనిషికి అర లీటరు లెక్క. రోజుకు 200 మంది ఆగే చోట 100 లీటర్లు, ఒలికేదానికి ఇంకో 20. అంటే 40 లీటర్ల రంజన్లు (పెద్ద మట్టి కుండలు) మూడు, మూతున్న 200 లీటర్ల డ్రమ్ము ఒకటి. అంగడి రోజు రెండింతలు కావాలి. బోర్డు మీద మరాఠీలో పాణపోయి, తెలుగులో చలివేంద్రం, రెండూ రాయించండి. స్థలానికి నగర పంచాయతీకో గ్రామ పంచాయతీకో ఒక అర్జీ పెట్టండి.

రేకుల పందిరి వద్దు, కింద కొలిమే. చింతచెట్టో వేపచెట్టో ఉంటే అంతకు మించింది లేదు, లేదంటే తడకలు. పడమటి ఎండను అడ్డుకోండి గానీ నాలుగువైపులా మూయకండి. రంజన్ చెమర్చి, ఆ తడిని గాలి లాక్కుపోతేనే నీళ్లు చల్లబడతాయి. ఇక్కడి పొడి వేడికి అది బాగా పనిచేస్తుంది. అందం కోసం రంజన్‌కు పెయింట్ వేశారా, చెమర్చే రంధ్రాలు మూసుకుపోయి అది ఉత్త డబ్బా అవుతుంది.

కొత్త రంజన్‌ను ఒక రోజంతా నీళ్లతో నింపి ఉంచి పారబోయండి. సబ్బు వాడొద్దు, మట్టి ఆ వాసన పీల్చుకుంటుంది. నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి దాని మీద కూర్చోబెట్టి, చుట్టూ తడి గోనెసంచి కట్టండి. రాత్రే నింపాలి. మధ్యాహ్నం పోసిన నీళ్లు సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటాయి.

క్లోరిన్ డ్రమ్ములోనే వేయండి. రంజన్‌లో వేస్తే దాని గోడల పాచే క్లోరిన్‌ను తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ 1000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే డ్రమ్ముకు అర గ్రాము. చిటికెతో ఆ కొలత తేలదు, కాబట్టి క్లోరిన్ మాత్రలే నయం: ఎన్ని లీటర్లకు ఒకటో పాకెట్ మీద ఉంటుంది. మడ్డి నీళ్లయితే ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టాలి. మాత్ర వేశాక అరగంట ఆగి రంజన్లలోకి పోయండి.

కుళాయి ఉన్న రంజన్లే కొనండి, వాషర్లు నాలుగు అదనంగా దగ్గరుంచుకోండి. కుళాయి ఉంటే కుండలో చెయ్యి పడదు. పైనుంచి దోసిట్లో పోసే పద్ధతి మాత్రం పెట్టకండి. అలా ఎవరికి పోసేవారో, ఎందుకు పోసేవారో ఊళ్లో అందరికీ గుర్తే. ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుంటారు.

కుళాయి కింద సిమెంటు తొట్టి పెడితే కారిన నీళ్లు మేకలకు, పిట్టలకు పనికొస్తాయి. మలేరియా జిల్లా కాబట్టి తొట్టినీ డ్రమ్మునూ వారానికోసారి పూర్తిగా ఒంపి, తోమి, ఆరబెట్టాలి.

మజ్జిగ జోలికి పోకండి, ఎండకు మధ్యాహ్నానికే పులిసిపోతుంది. నీరసంగా వచ్చినవాళ్లకు లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపివ్వండి, తలకొట్టిన చెంచాలే. మాట తడబడుతుంటే, ఒళ్లు కాలుతుంటే నోట్లో ఏమీ పోయకుండా నీడలో పడుకోబెట్టి, ఒంటిని తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

మిరుగు రాగానే రంజన్లు కడిగి, నీడలో ఆరబెట్టి బోర్లించండి. వచ్చే ఏడు పైన తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే కొబ్బరి పీచుతో రుద్దండి. అయినా చెమర్చకపోతే దాన్ని విత్తనాలు పోసుకునే కుండ చేసుకుని, కొత్తది తెచ్చుకోండి.